తుపాకి కట్టెదని తెలువాలె గదా!

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది మహబూబ్‌నగర్. కొత్తగ కోడింగ్ నేర్చుకునే పిల్లల కోసం నలుగురం దోస్తులం కలిసి మూడేండ్ల కింద ఒక టెలిగ్రామ్ గ్రూపు పెట్టినం. ఇప్పుడు పదమూడు వందల మంది ఉన్నరు. ఎక్కువ మంది వనపర్తి, నాగర్‌కర్నూల్, అచ్చంపేట, దేవరకొండ దిక్కు డిగ్రీ, బీటెక్ పిల్లలే. ఆర్నెల్ల సంది ఒకాయన పేరు కింద 'ప్రిన్సిపల్ ఆర్కిటెక్ట్, 22 ఏండ్ల అనుభవం' అని రాసుకొని, నవ్వకుండ అందరికీ జవాబులిస్తున్నడు. "పైథాన్ స్లోగ ఉన్నదా? కామెంట్లు తీసెయ్. అవన్నీ చదివి చదివి ఇంటర్‌ప్రిటర్ అలిసిపోతది" అంటడు. "డేటాబేస్‌కు ఇండెక్స్ ఎందుకు, పేజీ నంబర్లు వేస్తే చాలదా" అంటడు. మేం పడి పడి నవ్వేటోళ్లం. పోయిన వారం డిగ్రీ రెండో సంవత్సరం చదివే ఒక చెల్లె, ల్యాప్‌టాప్‌ల జాగా లేదు, ఏం చేయాలె అని అడిగింది. ఈయన లినక్స్ కమాండ్ ఒకటి ఇచ్చి, "ఇండ్ల ఎఫ్‌ఆర్ అంటే ఫ్రెంచ్. నీకు ఫ్రెంచ్ రాదు గదా, ఆ భాష ఫైళ్లన్నీ పోతయి, జాగా మిగులుతది" అన్నడు. ఆమె నమ్మి కొట్టింది. ప్రాజెక్టు ఫోల్డర్ మొత్తం ఖాళీ. ఇప్పుడు సగం మంది ఆయనను బూతులు తిడుతున్నరు. సగం మంది "చూసుకోకుండ ఎవరు కొట్టమన్నరు" అని ఆమెనే అంటున్నరు. ఆయనను తీసేస్తే గ్రూపు సప్పగైతదని కొందరి బాధ. ఇంకో మాట కూడా చెప్పాలె. ఆయన ఎవరో నాకు తెలుసు. నా క్లాస్‌మేటే, హైదరాబాద్‌ల జాబ్. ఆ మెసేజ్‌కు అందరికంటే ముందు నవ్వు బొమ్మ పెట్టింది కూడా నేనే. ఏం చేయాలె?
— ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు:

తమ్మీ,

అసలు మాటను ఆఖరి రెండు ముక్కలల్ల దాచిపెట్టినవ్. దాని దగ్గరికి వస్త. ముందుగాల ఆ చెల్లె ఫైళ్ల సంగతి చూద్దాం, ఎందుకంటే అది ఆలస్యమైన కొద్దీ చెడిపోయే పని.

కమాండ్ చివర ఏమున్నదో నువ్వు రాయలే. ప్రాజెక్టు ఫోల్డర్ ఒక్కటే ఖాళీ అయిందంటే చివర స్టార్ (*, అంటే 'ఇక్కడున్నవన్నీ') ఉండి ఉంటది, ఆమె ఆ ఫోల్డర్ లోపల ఉండి కొట్టి ఉంటది. అట్లయితే ఆశ ఉన్నది. మనం కొట్టే కమాండ్లను అందుకునే షెల్ ఒకటుంటది, బ్యాష్ అని. అండ్ల ఒట్టి స్టార్ పెడితే అది చుక్కతో మొదలయ్యే పేర్లను ముట్టుకోదు. కోడ్ పాత రూపాలను భద్రం చేసే గిట్ అనే సాధనం తన సామానంతా దాచుకునే ఫోల్డర్ పేరు చుక్కతోనే మొదలైతది. ఆమె ఎన్నడన్న ఒక్కసారి కమిట్ చేసి (అంటే అప్పటిదాకా రాసింది గిట్‌ల భద్రం చేసి) ఉంటే ఆ ఫోల్డర్ చెక్కుచెదరకుండ అక్కడనే ఉండాలె. గిట్ రిస్టోర్ అని, ఖాళీ ఇచ్చి ఒక చుక్క పెట్టి కొట్టమను. కమిట్ చేసినకాడికి లేచొస్తయి. గిట్ వాడలేదంటే, కోడ్ రాసుకునే వీఎస్ కోడ్ అనే ఎడిటర్‌ల రాసిందా అని అడుగు. 2022 మార్చి వర్షన్ నుంచి అది సేవ్ చేసినప్పుడల్లా ఒక నకలు వేరే చోట దాస్తది. కమాండ్ ప్యాలెట్ తెరిచి లోకల్ హిస్టరీ అని టైపు చేస్తే, చెరిగిపోయిన ఫైలును కూడా పేరు పట్టి వెతికి వెనక్కి తెచ్చుకునే వరుస ఒకటి కనబడతది. ఈ రెండూ లేకుంటే ఆ ల్యాప్‌టాప్‌ల ఇగ కొత్తగ ఏదీ డౌన్‌లోడ్ చేయొద్దు, సేవ్ చేయొద్దు. పాత రకం హార్డ్ డిస్కయితే ఫొటోరెక్ వంటి సాధనంతోని కొన్నన్న దొరకొచ్చు. ఎస్‌ఎస్‌డీ అయితే, చెరిపిన జాగాను ట్రిమ్ అనే పని వెనుకనుంచి ఊడ్చుకుంట వస్తది గనక ఆశ తక్కువ.

ఈ పేరా కత్తిరించి ఇప్పుడే ఆమెకు పంపు. మిగిలింది తర్వాత చదువుదువు.

ఇగ నీ ఆర్కిటెక్ట్ సాబ్.

మా నల్లగొండ దిక్కు ఊర్లల్ల పిట్టలదొర వచ్చేటోడు. తుపాకి రాముడని కొందరంటరు, లత్కోర్ సాబ్ అని కొందరంటరు. మీ పాలమూరుకూ రాకుండ ఉండడు. ఖాకీ కోటు, నెత్తిన టోపీ, ఛాతీ మీద ఏవేవో బిళ్లలు, భుజాన కట్టె తుపాకి. అరుగు ముందట నిలబడి కోతలు మొదలువెట్టేటోడు. వేల ఎకరాల జాగీరున్నదంటడు. పెద్ద పెద్ద దొరలంత తన వాకిట్ల లైను కట్టిండ్రంటడు. ఆఖరికి జోలె చాపి సోలెడు బియ్యం అడుగుతడు. ఊరంత నవ్వేది. చంకల పిల్లకు కూడా తెలుసు అదంత అబద్ధమని. ఎట్ల తెలుసు? తుపాకి కట్టెది. ఎంత ఎత్తుకు కోత పోయినా ఆ కట్టె మాత్రం అందరి కండ్ల ముందటనే ఉంటది.

మీ సాబ్ భుజాన ఉన్నది కూడా కట్టె తుపాకే. కాకపోతే అది కట్టెదని ఎవరికి కనబడతది? ఇదివరకు అసలు తుపాకి చూసినోనికే. కామెంట్లు చదివి ఇంటర్‌ప్రిటర్ అలిసిపోతదన్న మాటకు నీకు నవ్వొచ్చింది, ఎందుకంటే కామెంట్లు మనుషుల కోసం రాసుకునేటివి, ప్రోగ్రాం నడిచేటప్పుడు వాటిని ఎవరూ పట్టించుకోరని నీకు ముందే తెలుసు. మొన్న సోమవారం పైథాన్ మొదలువెట్టిన పిల్లకు అదొక కొత్త సంగతి. నోట్సుల రాసుకుంటది. కింద గీత కూడా గీస్తది.

ఫ్రెంచ్ జోకు అంతకంటే చెడ్డది, ఎందుకంటే అండ్ల సగం నిజమున్నది. ఎఫ్‌ఆర్ అన్న రెండక్షరాలు లినక్స్‌ల నిజంగనే ఫ్రెంచ్ భాషకు గుర్తు. వేరే భాషల ఫైళ్లు కొంత జాగా తింటయన్నది కూడా నిజమే. ఫైళ్లు చెరిపే ఆర్‌ఎం అనే ఆ ఒక్క కమాండ్‌లనే ఎఫ్ అంటే నన్నేం అడగకు, పని కానియ్యి అని. ఆర్ అంటే ఫోల్డర్ లోపలి ఫోల్డర్ దాకా దిగు అని. చెత్తబుట్ట అనేది లేదు, పోయింది పోయినట్టే. ఈ జోకు మీ సాబ్ సొంతం కాదు, ప్రోగ్రామర్ల నడుమ ఏండ్ల సంది తిరుగుతున్నదే. ఇసొంటి చోట్ల కాలు జారేటోళ్లను చూసి, గ్నూ ఆర్‌ఎం ప్రోగ్రాం రాసేటోళ్లు 2006 నుంచి ఒక కాపలా పెట్టిండ్రు: ఒట్టి స్లాష్ ఇచ్చి సిస్టమ్ మొత్తం చెరపమంటే అది మొరాయిస్తది. కానీ స్లాష్ పక్కన స్టార్ పెడితే ఆ కాపలా దండుగే. ఆర్‌ఎం చేతికి వచ్చేసరికే షెల్ ఆ స్టార్‌ను లోపలున్న పేర్లుగ విప్పి ఇస్తది. ఆమె కొట్టిన తీరుకైతే కాపలా ఊసే లేదు.

నవ్వులాట వద్దనేటోణ్ని కాను నేను. ప్రోగ్రామర్లకున్నంత తిక్క హాస్యం వేరే పనోళ్లకు ఉంటదో లేదో. 1972లనే ఇద్దరు ప్రిన్స్‌టన్ విద్యార్థులు ఇంటర్‌కాల్ అని ఒక వెక్కిరింపు భాష తయారుచేసిండ్రు. అండ్ల ప్రోగ్రాం రాసేటప్పుడు నడుమ నడుమ 'ప్లీజ్' అనాలె. తక్కువసార్లు అంటే మర్యాద లేదని కంపైలర్ తిప్పి కొడతది, ఎక్కువసార్లు అంటే మరీ కాళ్లు మొక్కుతున్నవని తిప్పి కొడతది. ఇంటర్నెట్ ఎట్ల నడవాలెనో చెప్పే ఆర్‌ఎఫ్‌సీలని కాగితాలున్నయి గదా, అండ్ల 1149వది పావురాల కాళ్లకు కట్టి డేటా పంపే విధానం. 1990ల వచ్చింది. భాషంత పక్కా ఇంజినీర్ భాషే, ఎక్కడా పెదవి విరవదు. నార్వేల బెర్గెన్ ఊరి లినక్స్ దోస్తులు 2001ల దాన్ని నిజం పావురాలతోని చేసి చూసిండ్రు కూడా. తొమ్మిది పంపితే నాలుగింటికి జవాబులొచ్చినయి. మరి దాన్ని నమ్మి ఎవడూ ఎందుకు మోసపోలేదు? కాగితం మీద తేదీ చూడు: ఏప్రిల్ 1. అదీ కట్టె తుపాకి. చాయ్ కెటిల్‌ను కాఫీ కాయమంటే 418 అని ఎర్రర్ ఇవ్వాలెనన్న జోకు కూడా 1998ల అదే తేదీన వచ్చింది.

2009ల, ప్రోగ్రామర్లు ప్రశ్నలడిగే స్టాక్ ఓవర్‌ఫ్లో సైటుల ఒకతను, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లతోని (అక్షరాల నమూనాలు పట్టి వెతికే పద్ధతి) వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్‌ను చీల్చొచ్చునా అని అడిగినోనికి పూనకం వచ్చినట్టు జవాబు రాసిండు. చదువుకుంట పోతే అక్షరాలే కుళ్లి కిందికి కారుతున్నట్టు కనబడతయి. అక్కడి నిర్వాహకులు దాన్ని చెరపలే. ఎవరూ దిద్దకుండ తాళం వేసి ఉంచిండ్రు. ఎందుకంటే వేషం పిచ్చిదే గానీ లోపలి సలహా మంచిదే: ఆ పనికి పార్సర్ (భాష నిర్మాణం తెలిసి చదివే ప్రోగ్రాం) వాడుకో. నవ్వుకున్నోడూ బాగుపడతడు, నవ్వు అర్థం కానోడూ చెడిపోడు. మీ సాబ్ జోకులను ఈ తక్కెట్ల పెట్టి చూడు. కామెంట్ల జోకుకు పోయేదేం లేదు, ఎవరన్న నమ్మినా ఓ గంట పోతది. ఇండెక్స్ అంటే డేటాబేస్ తొందరగ వెతుక్కునేటందుకు చేసే ఏర్పాటు, ఆ జోకు ఇంటర్వ్యూల నోరు కాలుస్తది. ఫ్రెంచ్ జోకుకు ఒక పిల్ల ప్రాజెక్టు పోయింది.

ఇంకో సంగతి. జోకు పుట్టిన చోటనే ఉండదు. 2024 మే నెలల గూగుల్ కొత్త ఏఐ జవాబు, పిజ్జా మీద చీజ్ నిలువకపోతే సాస్‌ల కొంచెం విషం లేని జిగురు కలుపుమని చెప్పింది. ఎక్కడిదా తెలివి అని ఆరా తీస్తే, 11 ఏండ్ల కింద రెడిట్‌ల ఎవడో నవ్వులాటకు రాసిన కామెంట్. రాసిననాడు అక్కడున్నోళ్లంత నవ్వుకొని ఉంటరు. కట్టె తుపాకి వెనుకనే మిగిలిపోయింది, కోత ఒక్కటి ముందుకు నడిచొచ్చింది. మీ గ్రూపుల కూడా రేపు ఎవరో 'జాగా లేదు' అని వెతుకుతరు. మీ సాబ్ మెసేజ్ తగులుతది, చుట్టూ ఉన్న నవ్వులు తగులవు.

"చూసుకోకుండ ఎవరు కొట్టమన్నరు" అన్నోళ్ల మీద నాకు మీ సాబ్ మీద కంటే ఎక్కువ కోపమున్నది. వాళ్లకు ఒకటి గుర్తు చెయ్యి. మన దిక్కు ఇంట్ల మొదటి డిగ్రీ చదివే పిల్లలు ఎంతోమంది. పొలంకాడికి, బొంబాయి పనులకు పోయొచ్చిన ఇండ్లవి. పెద్దసార్ చెప్పిండంటే మారు మాట అడగొద్దని నేర్పి పంపినం వాళ్లను. ఎదురు ప్రశ్న వేస్తే క్లాసుల నవ్వుతరని ఇంకో భయం. 22 ఏండ్ల అనుభవమని పేరు కింద రాసుకున్నోడు ఒక కమాండ్ ఇస్తే, "సార్, ఇది నిజమేనా" అని పదమూడు వందల మంది ముందట అడిగే ధైర్యం ఆమెకు ఎక్కడినుంచి రావాలె? ఆమె చేసింది మనం నేర్పిన మర్యాదనే. ఆ మర్యాదను మీ సాబ్ వాడుకున్నడు. తెలిసి చేసిండని నేననను, ఆమె అసొంటోళ్లు అక్కడున్నరన్న సోయి ఉంటే చేయకపోవు.

నాకెట్ల తెలుసంటవా? 2004ల నల్లగొండ క్లాక్ టవర్ దిక్కు ఒక నెట్ సెంటర్‌ల కూసుండేటోణ్ని. పక్క సిస్టమ్ కాడ ఒక తమ్ముడు ఏదో దరఖాస్తు నింపుతున్నడు. పేజీ మెల్లగ వస్తున్నది, ఏం చేయాలె అన్నా అని అడిగిండు. ఆల్ట్ పట్టుకొని ఎఫ్ 4 కొట్టు, స్పీడైతది అన్న. కొట్టిండు. కిటికీ మూసుకపోయింది, నింపినదంత పోయింది. నేనూ నా దోస్తులూ కడుపు పట్టుకొని నవ్వినం. ఆ పిల్లగాడు కూడా నవ్విండు తమ్మీ, అదే నాకు ఇప్పటికీ పోదు. నవ్వి, జేబుల చిల్లర లెక్క చూసుకొని, ఇంకో గంటకు పైసల్లేక లేచిపోయిండు.

ఇగ ఏం చేయాలెనో. బూతులు తిట్టుడు ఆపించు. ఇసొంటోనికి తిట్టంటే సోలెడు బియ్యం కాదు, బస్తా. ఎన్ని తిట్లు పడితే అంత జోలె నిండినట్టు. ఉలుకకుండ పలుకకుండ ఊకుంటే వాడే పోతడని యూజ్‌నెట్ అనే పాత నెట్ చర్చా గుంపుల కాలం నుంచి ఒక సలహా ఉన్నది. పెద్దోళ్ల నడుమ అది పనిచేస్తది. నేర్చుకునే పిల్లలున్న చోట పనిచేయదు, ఎందుకంటే నీ మౌనం ఆ కొత్త పిల్లకు ఒప్పుకోలు లెక్క కనబడతది. అంత మంది సీనియర్లున్నరు, ఎవరూ కాదనలే, అంటే నిజమే అనుకుంటది. స్టాక్ ఓవర్‌ఫ్లోల చెడ్డ జవాబుకు కింది ఓటేస్తే రాసినోనికి రెండు పాయింట్లు పోతయి, ఓటేసినోనికి కూడా ఒకటి పోతది. మంచి ఏర్పాటు అనిపిస్తది నాకు, కాదనడానికి కూడా ఎంతో కొంత ఖర్చు పెట్టాలె అన్నట్టు. టెలిగ్రామ్‌ల ఆ పాయింట్లు లేవు, ఆ ఖర్చు మీరే పెట్టాలె.

తప్పు మాటకు ఎదురు ఎట్ల పలకాలెనో మీ పాలమూరోళ్లకు నేను చెప్పేదేంది. తెలంగాణల కవులు పూజ్యం, అంటే సున్న అని ఒకాయన తీసిపారేస్తే, సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులను ఏరి 1934ల గోలకొండ కవుల సంచిక అచ్చేసి ముందట పెట్టిండు. ఆ తప్పు మాట రాకపోతే అంత పెద్ద పని అప్పుడు జరుగునో లేదో. నెట్‌ల సరైన జవాబు కావాలంటే ప్రశ్న అడగకు, తప్పు జవాబు పెట్టు అని వికీని కనిపెట్టిన వార్డ్ కన్నింగ్‌హామ్ పేరు మీద ఒక మాట తిరుగుతది. మనోళ్లు దాన్ని ముందే చేసి చూపెట్టిండ్రు.

మీరు కూడా అట్లనే చేయుండ్రి. జోకు పడ్డ మరుక్షణం దాని కిందనే ఒకరు రాయాలె: ఇది నవ్వులాట, దీన్ని కొట్టొద్దు, అసలు జవాబు ఇది. జాగా లేదని అడిగిన చెల్లెకు అసలు జవాబు ఏంది? ఏ ఫోల్డర్ ఎంత తిన్నదో డీయూ కమాండ్‌తోని చూసుకో, ఉబుంటు అయితే ఏపీటీ క్లీన్ కొట్టి దించిపెట్టిన పాత ప్యాకేజీలు తీసెయ్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచి చూడు. మూడు ముక్కలు. ఆ మూడు ముక్కలు ఆ రోజు రాసినోడు గ్రూపుల ఒక్కడు లేడు, నువ్వు సహా. అందరూ నవ్వు బొమ్మ వెతుక్కునే పనిల ఉన్నరు.

ఫైళ్లు చెరిపే కమాండ్లు, పాస్‌వర్డులు పంచుకోమనేటివి, తెలువని స్క్రిప్టును దించి అట్లనే నడపమనేటివి, ఇవి నవ్వులాటైనా సరే అడ్మిన్ కనబడంగనే చెరిపేయాలె. వీటికి చర్చ లేదు. మిగిలిన కోతలకు గ్రూపుల టాపిక్స్ తెరిచి పిట్టలదొర అనే పేరుతోని ఒక అరుగు కట్టుండ్రి. అక్కడ ఎంత కోసుకున్నా కోసుకోనియ్యి, అందరికీ తుపాకి కనబడతది. గ్రూపు సప్పగైతదన్నోళ్ల బాధ కూడా తీరుతది. పేర్ల కింద అనుభవం ఏండ్లు రాసుకునుడు మాత్రం బంద్ పెట్టు. ఇప్పుడు నవ్వులాటగాళ్లే కాదు, ఏఐ రాసిచ్చింది చదవకుండ అతికించి పెద్దసార్ అయ్యేటోళ్లు కూడా తయారైండ్రు. చూడ బాగుంటయి, తప్పులుంటయి అని స్టాక్ ఓవర్‌ఫ్లో 2022 డిసెంబర్ల చాట్‌జీపీటీ జవాబులను వద్దన్నది. జవాబిచ్చినోడు తాను నడిపి చూసిండా లేదా అన్నది అడుగుండ్రి, బిరుదు అడగొద్దు.

పిల్లలకు ఒక చిన్న చిట్కా కూడా నేర్పుండ్రి. స్టార్ ఉన్న కమాండ్ ఏది కొట్టాలెనన్నా, ముందు ఆర్‌ఎం జాగాల ఎకో అని పెట్టి కొట్టాలె. ఏమేం పోనున్నయో పేర్లన్నీ తెర మీద పరుచుకుంటయి, ఒక్కటి కూడా చెరగదు. ఆ చెల్లె అట్ల చేసి ఉంటే ఫ్రెంచ్ ఫైళ్లకు బదులు తన ప్రాజెక్టు పేర్లే కనబడేటియి.

ఇప్పుడు నీ సంగతి. నువ్వు అడిగింది గ్రూపు గురించి గానీ, నీకు నిద్రపట్టనిది ఆ నవ్వు బొమ్మ అని నాకు తెలుస్తనే ఉన్నది. అడ్మిన్ నవ్విండంటే అది ముద్ర గుద్దినట్టు తమ్మీ. ఆమె ఆ కమాండ్ కొట్టకముందు దాని కింద ఎవరి పేరు చూసి ఉంటదో నువ్వే ఆలోచించు. గ్రూపుల రాయి: "ఆ మెసేజ్‌కు మొదలు నవ్వింది నేను. ఆపాల్సింది నేను. తప్పైంది చెల్లే." అంతే. 'ఎవరికైనా బాధ కలిగి ఉంటే' అని మొదలువెట్టకు. బాధ కలిగింది, ఎవరికో తెలుసు.

నీ దోస్తును తీసెయ్యాలెనా అంటవా, ఇవ్వాళ్టికి వద్దు. గ్రూపుల బట్టబయలు చేయకు, అసలు పేరు బయటపెట్టకు. ఫోన్ చెయ్. తిట్టకు, నీతులు చెప్పకు. ఆ పిల్ల ఏం చదువుతున్నది, ఎన్ని రోజుల పని పోయింది, దొరికినయా లేదా, ఇది చెప్పు. చెప్పి ఊకో. కొందరికి వాళ్ల జోకు ఎవరి మీద పడ్డదో తెలువదు, తెలిస్తే గొంతు మారుతది. మీవోడు అట్లాంటోడైతే రేపు ఆదివారం ఆ చెల్లెతోని కాల్‌ల కూసుండి, స్క్రీన్ చూసుకుంట, పోయిన ప్రాజెక్టు మళ్ల రాసేదానికి తోడుండుమను. పేరు కింద రాసుకున్న 22 ఏండ్లు అబద్ధమైనా, నిజంగ రెండు మూడేండ్ల పని తెలిసినోడే గదా. అట్ల కాకుండ, విని పడి పడి నవ్విండనుకో, ఫోన్ పెట్టేసి గ్రూపుల నుంచి తీసెయ్. మీ క్లాసోడే అని ఆగకు.

కమాండ్ చివర ఏమున్నదో చూసి నాకు మళ్ల రాయి. స్టార్ కాకుండ ఇంకేదన్న ఉంటే నేను పైన చెప్పింది కొంత మారుతది.